ఇల్లు చూసి ఇల్లాలిని చూడకండి

"ఇల్లు చూసి ఇల్లాలిని చూడు" అని మనకో సామెత ఉంది కదా. ఎవరు కనిపెట్టారో తెలీదు గానీ, ఆ మహానుభావుడు తన ఇల్లు తను ఊడ్చుకున్న మనిషి మాత్రం అయ్యుండడని నా గట్టి నమ్మకం. ఈ సామెతతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. ఆ పేచీ ఏంటో ఇవాళ తీరిగ్గా చెప్తాను. (తీరిగ్గా అంటే, పొయ్యి మీద ఏమీ లేదని రెండుసార్లు చూసుకుని మరీ వచ్చి కూర్చున్నాను లెండి.)

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. ఇంజనీరింగ్ చదివాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ముప్పైకి ఇంకో రెండేళ్లు ఉంది. పెళ్లయ్యాక మకాం లక్డారం. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఇది పటాన్‌చెరు మండలంలో ఊరు. రాతి క్వారీలు, కంకర క్రషర్లు ఉన్న ఊరు. పక్కనే పాశమైలారం ఫ్యాక్టరీలు. మా ఆయన అక్కడే ఒక ఫ్యాక్టరీలో ప్రొడక్షన్‌లో చేస్తారు. నేను వారానికి మూడు రోజులు ముత్తంగి దగ్గర ఔటర్ ఎక్కి గచ్చిబౌలి పోతాను, మిగతా రెండు రోజులు ఇంటి నుంచే పని.

నాకు ఏడీహెచ్‌డీ ఉందని రెండేళ్ల క్రితం సిటీలో ఒక సైకియాట్రిస్టు తేల్చారు. ఒక్క పూటలో కాదు. నా చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు, మా అమ్మతో ఫోన్లో మాటలు, పేజీలకు పేజీలు ప్రశ్నలు, థైరాయిడ్ పరీక్ష, అన్నీ అయ్యాక. ప్రోగ్రెస్ కార్డుల నిండా "తెలివైనదే కానీ ధ్యాస లేదు" అని టీచర్లు ఏటేటా రాసిపెట్టారు పాపం. పదేళ్ల లాగ్ ఫైలు మొత్తం ఒకే ఎర్రర్. చదివినవాళ్లే లేరు.

తెలుగులో దీన్ని అవధాన లోపం అంటున్నారు. అవధానం అనగానే మనకి అష్టావధానం గుర్తొస్తుంది. ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి లాగుతుంటే అన్నిటినీ బుర్రలో నిలుపుకుని, చివర్లో ధారణ చేసి అప్పజెప్పే విద్య. అందులో అప్రస్తుత ప్రసంగి అని ఒకాయన ఉంటాడు. అవధాని పద్యం మధ్యలో ఉండగా "ఇంతకీ ఇవాళ మీ ఇంట్లో కూరేంటండీ?" లాంటి ప్రశ్నలతో అడ్డం పడుతుంటాడు. నా బుర్రలో ఎనిమిది కుర్చీల్లోనూ ఆయనే కూర్చున్నాడు. ధారణ చేయాల్సిన అవధాని గారు మాత్రం సెలవులో ఉన్నారు.

కాస్త చరిత్ర. అమెరికా మానసిక వైద్యుల సంఘం వాళ్ల డీఎస్ఎం అనే పుస్తకంలో 1980లో దీనికి ఏడీడీ అని పేరు పెట్టారు, 1987లో మధ్యలో హెచ్ వచ్చి చేరింది. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 లో ధ్యాసకి సంబంధించిన లక్షణాలు తొమ్మిది ఉంటాయి. పిల్లలకి ఆరు కావాలి, పెద్దవాళ్లకి ఐదు చాలు. అయితే ఊరికే ఈ మధ్య మొదలైతే లెక్కలోకి రాదు, పన్నెండేళ్ల లోపే వీటిలో కొన్ని కనిపించి ఉండాలి. ఒక్క ఆఫీసులోనో ఒక్క ఇంట్లోనో కాకుండా కనీసం రెండు చోట్ల ఉండాలి. బతుకు నడవడానికి అడ్డం పడుతుండాలి.

ఆ తొమ్మిదిలో కొన్ని చదువుతాను వినండి. పనులు ఒక క్రమంలో పెట్టుకోలేకపోవడం. మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేయడం. రోజూ కావాల్సిన వస్తువులే పోగొట్టుకోవడం. రోజువారీ పనులు మర్చిపోవడం. ఇప్పుడు మన సామెతని పక్కన పెట్టి చూడండి. "పొందికైన పిల్ల" అని ఆడపిల్లకి సర్టిఫికెట్ ఇవ్వడానికి మనవాళ్లు పెట్టే పరీక్ష సిలబస్ అచ్చంగా ఇదే! అంటే ఒక జబ్బు లక్షణాల పట్టిక తీసుకుని, దాన్నే గుణగణాల పట్టికగా వాడుతున్నాం. మెల్లకన్ను ఉన్నమ్మాయిని "సూటిగా చూడదు, కపటం మనిషి" అన్నట్టు.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది, చాలామందికి వచ్చింది కూడా. "ఆఫీసులో అంత పెద్ద కోడ్ రాస్తావు, రిలీజ్ చేస్తావు, ఇంట్లో కప్పు సింకులో పెట్టడం రాదా?" అని. మా అత్తమ్మ మాటల్లో అయితే, "ఏం బిడ్డా, గింత సదువుకున్నవ్, గా కత్తెర యాడ పెట్టినవో యాదికి లేదా?" (అత్తమ్మ మంచిదే. ఆ ప్రశ్నలో వెటకారం ఉండదు, నిజంగానే ఆశ్చర్యం ఉంటుంది. అందుకే జవాబు చెప్పడం ఇంకా కష్టం.)

రస్సెల్ బార్క్లీ అని అమెరికాలో ఒక సైకాలజిస్టు ఈ విషయం మీద దశాబ్దాలు పనిచేశారు. ఆయన వాదన ఏంటంటే, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి ఏం చేయాలో తెలీక కాదు, తెలిసింది చేయాల్సిన క్షణంలో చేయలేకపోవడమే సమస్య. కాబట్టి పాఠాలు చెప్పి లాభం లేదు, ఆ పని జరగాల్సిన చోట, జరగాల్సిన క్షణంలో సాయం ఉండాలి అంటారు. నాకు ఈ ముక్క మందు కన్నా ఎక్కువ పనిచేసింది. కప్పు ఎక్కడ పెట్టాలో నాకు తెలుసండీ. కప్పు పట్టుకుని వంటింటి వైపు నడుస్తుంటే దారిలో ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టలు కనిపిస్తాయి, వాటిని సంచిలో పెట్టబోతే సంచిలో కరెంటు బిల్లు దొరుకుతుంది, బిల్లు కట్టడానికి ఫోన్ తీస్తే ఆఫీసు మెసేజ్. గంట తర్వాత కప్పు ఇస్త్రీ బట్టల మీద, సంచి సోఫా మీద, బిల్లు ఎక్కడో ఆ దేవుడికెరుక.

సోమరితనం కాదనడానికి ఇంకో సాక్ష్యం. సుట్టాలు బయల్దేరామని సంగారెడ్డి నుంచి ఫోన్ చేస్తే చాలు, వాళ్లు మా గుమ్మంలోకి వచ్చేలోపు ఇల్లు అద్దంలా ఉంటుంది. దసరాకి ముందు బూజు దులిపి, గిన్నెలన్నీ బయటేసి తోమి, పరుపులు ఎండలో వేసే కార్యక్రమంలో మా వీధిలో నన్ను మించినవాళ్లు లేరు. పెద్ద పని, దగ్గర గడువు, చుట్టూ జనం ఉంటే ఈ బుర్ర జెట్ ఇంజనే. మామూలు మంగళవారం సాయంత్రం మడతపెట్టాల్సిన నాలుగు తువ్వాళ్ల ముందు మాత్రం స్టార్ట్ అవదు. ప్రొడక్షన్ కిందపడితే రాత్రంతా మేలుకుని నిలబెట్టి, టైమ్‌షీట్ నింపడం మాత్రం మర్చిపోయే కొలీగ్ మీ టీములో కూడా ఒకరు ఉండే ఉంటారు. ఆ రకం.

సరే, అసలు విషయానికొస్తున్నాను. ఇల్లు నీట్‌గా ఉంచుకోవడం ఎలా అని నేను చదవని పుస్తకం లేదు, చూడని వీడియో లేదు. జపాన్ ఆవిడ మేరీ కోండో పుస్తకం కూడా కొన్నాను. ఆవిడే మూడో బిడ్డ పుట్టాక సర్దుడు కొంచెం వదిలేశానని 2023లో చెప్పేసింది, అది వేరే సంగతి. నాకు దారి చూపించింది మాత్రం జపాన్ నుంచే వచ్చిన ఇంకో సరుకు, అదీ మా ఇంటి పక్కన ఫ్యాక్టరీలోనే దొరికింది.

మా ఆయన ఫ్యాక్టరీలో ఒకసారి ఫ్యామిలీ డే పెట్టారు. షాప్ ఫ్లోర్ చూపించారు. గోడకి ఒక బోర్డు. దాని మీద ప్రతి స్పానర్‌కీ, ప్రతి స్క్రూ డ్రైవర్‌కీ దాని ఆకారంలోనే రంగుతో నీడ గీసి ఉంది. షాడో బోర్డు అంటారట. పనిముట్టు తీస్తే అక్కడ దాని నీడ కనిపిస్తుంది. ఏది లేదో, ఎక్కడ పెట్టాలో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. నేల మీద పసుపు గీతలు, ట్రాలీ ఎక్కడ ఆగాలో అక్కడ గీత. అంతా కలిపి ఫైవ్ ఎస్ అంటారు. ఐదు జపాన్ మాటలు: సేయిరి, సేయితోన్, సేయిసో, సేయికెత్సు, షిత్సుకే. అక్కర్లేనివి తీసేయడం, ఉన్నవాటికి చోటు ఇవ్వడం, శుభ్రం చేయడం, అందరికీ ఒకే పద్ధతి పెట్టడం, చివరాఖరికి క్రమశిక్షణ.

చివరాఖరికి! ఆ ఆర్డర్ చూడండి. వేల మంది పనిచేసే ఫ్యాక్టరీ కూడా క్రమశిక్షణని ఐదో నంబరులో పెట్టింది. ముందు నాలుగూ వస్తువుల గురించి, చోటు గురించి, పద్ధతి గురించి. అవన్నీ కుదిరాకే మనిషి దగ్గర అలవాటు ఆశిస్తారు. మన ఇళ్లలో ఏం చేస్తాం? మొదటి నాలుగూ ఎగరగొట్టి నేరుగా ఐదోదాని మీద పడతాం. కత్తెరకి ఇంట్లో ఒక చోటంటూ లేదు, ఒకరోజు ఫ్రిజ్ మీద, ఒకరోజు కుట్టు మిషన్ డ్రాలో, కానీ కత్తెర దొరక్కపోతే "నీకు క్రమశిక్షణ లేదు".

ఇదే కుటుంబం నుంచి వచ్చిన ఇంకో మాట పోకా-యోకే. పొరపాటు జరగడానికి వీల్లేకుండా పనినే మార్చేయడం. సిమ్ కార్డుకి ఒక మూల కత్తిరించి ఉంటుంది చూడండి, తిరగేసి పెట్టలేం, ఆ బాపతు. 1960ల్లో షిగియో షింగో అనే ఇంజనీరు దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మొదట్లో దీని పేరు బాకా-యోకే, అంటే మూర్ఖుల వల్ల చెడకుండా చేసే ఏర్పాటు. 1963లో ఒక ఫ్యాక్టరీలో ఆ పేరు విని ఒక కార్మికురాలు నేనంత మూర్ఖురాలినా అని బాధపడిందట. దాంతో షింగో పేరే మార్చేశాడు. పోకా అంటే పరధ్యానంలో జరిగే పొరపాటు. మనిషిని వదిలేసి పొరపాటుకి పేరు పెట్టాడన్నమాట. మెషీన్ల మధ్య బతికిన ఇంజనీరుకి తట్టిన ఈ చిన్న మర్యాద మన డ్రాయింగ్ రూముల్లోకి ఇంకా రాలేదు.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్లం మాత్రం తక్కువా? టెస్టులు నడపడం డెవలపర్ గుర్తుపెట్టుకోవాలి అని ఏ టీములోనైనా వదిలేస్తారా? పైప్‌లైన్‌లో పెడతాం. మెర్జ్ బటన్‌నే ఆపేస్తాం. సర్వర్ పడిపోతే ఎవరి తప్పు అని కాక, ఏ ఏర్పాటు లేక పడిపోయింది అని మీటింగు పెట్టుకుంటాం. సాయంత్రం ఇంటికొచ్చి "ఉప్పు అయిపోయిందని ముందే చూసుకోవద్దా?" అని అరుస్తాం.

ఇక ఇంట్లో ఏం చేశానంటారా. అన్నీ చెప్తే మీకు విసుగు, నాకూ విసుగు. కొన్ని చెప్తాను.

నాకు కనిపించని వస్తువు లేనట్టే లెక్క. ఇది ఈ రకం బుర్రలున్న చాలామంది చెప్పేదే. ఫ్రిజ్ అడుగు డ్రాలో కొత్తిమీర కుళ్లిపోయేది అందుకే. ఇప్పుడు వచ్చే మాడ్యులర్ కిచెన్‌లు చూడండి, అన్నీ తలుపులే, పిడి కూడా లేని నున్నటి తలుపులు. ఫోటోకి బాగుంటుంది. నాలాంటివాళ్లకి అది ఇరవై తలుపుల చిక్కు ప్రశ్న. పాత ఇళ్లలో ఇలా ఉండేది కాదు. మా అత్తమ్మ వాళ్ల పాత ఇంట్లో గోడకి గూళ్లు, చొక్కాకి చిలక్కొయ్య, చీరలకి దండెం, పెరుగుకి ఉట్టి. ఏదీ తలుపు వెనక లేదు. తీయడానికి ఒక కదలిక, పెట్టడానికి ఒక కదలిక. వంటింట్లో పోపుల డబ్బా సంగతి చూడండి: ఒక్క మూత తీస్తే ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు అన్నీ ఒకేసారి కళ్ల ముందు, ఏది తగ్గిందో అడక్కుండానే తెలుస్తుంది, పొయ్యి పక్కన తప్ప ఇంకెక్కడా ఉండదు. నన్నడిగితే ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ల కోసం ఇంతకన్నా మంచి డిజైన్ ఇప్పటిదాకా రాలేదు. ఇంటినంతా పోపుల డబ్బా చేయడమే నా ప్రాజెక్టు.

అయితే లక్డారంలో దీనికో చిక్కుంది. దుమ్ము. క్రషర్లు ఉన్న ఊరు, కంకర లారీలు తిరిగే రోడ్లు. పొద్దున తుడిచిన టేబుల్ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. అమెరికా వీడియోల్లో చెప్పినట్టు తలుపులు పీకేసి అరలన్నీ తెరిచి పెడితే, వారంలో గిన్నెల మీద తెల్లటి పొర. ఆ వీడియో చేసినావిడ క్వారీ పక్కన కాపురం చేసి ఉండదు. రెండు నెలలు గుంజాటన పడ్డాక, అద్దం తలుపుల బీరువా, అవతలికి కనిపించే ప్లాస్టిక్ డబ్బాలు, ఇవి తేల్చాం. కనపడాలి, దుమ్ము పడకూడదు. డబ్బాల మీద పెద్ద తెలుగు అక్షరాల్లో పేర్లు, అత్తమ్మకీ చదవడానికి వీలుగా. మొదట్లో అత్తమ్మ "గిది ఇల్లా, కిరాణ దుకాణమా?" అన్నది. ఇప్పుడు మందుల డబ్బా ఆవిడే ఠక్కున తీసుకుంటుంది, నన్ను పిలవకుండా.

బియ్యం, పప్పు, నూనె, ఉప్పు, సబ్బులకి ఫ్యాక్టరీ పద్ధతే: రెండు డబ్బాలు. మొదటిది ఖాళీ అయితే దాన్ని బోర్లించి గుమ్మం దగ్గర పెట్టడమే, రెండోది వాడుకోవడం. బోర్లించిన డబ్బాలే సరుకుల చిట్టా. స్టాకు ఎంతుందో గుర్తుపెట్టుకోవాల్సిన మనిషి ఎవరూ లేరు. కత్తెరలు మూడు కొన్నాం, మూడు గదులకి. చెత్తబుట్టలు ప్రతి గదిలో, మూత లేకుండా (వంటింటిది తప్ప). తాళాలు, ఐడీ కార్డు, ఇయర్‌ఫోన్స్ కి తలుపు పక్కన గోడ మీద నీడ గీసిన కొక్కేలు. బయటికెళ్తూ గోడ చూస్తే ఏది మిగిలిపోయిందో తెలుస్తుంది.

బట్టలు మడతపెట్టడం మానేశాం. నిజంగానే. ఇస్త్రీ బట్టలు హ్యాంగర్లకి, మిగతావి మనిషికో గంప. లోపలి బట్టలు మడత లేకపోతే ఎవరికి నష్టం చెప్పండి? అమెరికాలో కేసీ డేవిస్ అని ఒక కౌన్సెలర్ ఉంది, ఆవిడకీ ఏడీహెచ్‌డీ ఉంది. ఇంటి పనుల్లో పుణ్యం పాపం ఏమీ లేవని, ఇల్లు మనకి పనికి రావాలి గానీ మనం ఇంటికి కాదని ఒక పుస్తకమే రాసింది. మన దగ్గర సంధ్యాదీపం వేళకి ఇల్లు ఊడ్చి ఉండకపోతే లక్ష్మి రాదంటారు కాబట్టి పుణ్యం పాపం లేవని గట్టిగా అనలేను, కానీ గంపలో బనియన్లని లక్ష్మీదేవి పట్టించుకోదనే అనుకుంటున్నా.

ఇంకో మాట. ఏ పద్ధతైనా నా దగ్గర రెండు మూడు వారాలే కొత్తగా ఉంటుంది. తర్వాత కంటికి ఆనడం మానేస్తుంది, డబ్బా మీద పేరు గోడలో కలిసిపోతుంది. అందుకని నెలకోసారి ఏదో ఒకటి మార్చడం కూడా పద్ధతిలో భాగమే అనుకుంటున్నాను. రంగు మార్చడం, చోటు మార్చడం. జీవితాంతం పనిచేసే ప్లానర్ అని ఎవరైనా అమ్మితే కొనకండి. ఇంట్లో పనికి మనిషిని పెట్టుకోగలిగితే పెట్టుకోండి, మంచి జీతం ఇవ్వండి. చూపు తగ్గితే కళ్లజోడు పెట్టుకోమూ?

ఇప్పుడు కొంచెం చేదు సంగతి. ఏడీహెచ్‌డీ మగవాళ్లకీ ఉంటుంది, ఆడవాళ్లకీ ఉంటుంది. వంశంలో బలంగా వస్తుంది, కవలల మీద జరిగిన అధ్యయనాల్లో 70-80 శాతం దాకా వారసత్వమే అని తేలింది. అయితే చిన్నప్పుడు క్లాసులో బెంచీలెక్కి దూకే మగపిల్లాడు డాక్టరు దాకా వెళ్తాడు. కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్ల, ఎవరికీ అడ్డం రాదు కాబట్టి, అలాగే కూర్చుండిపోతుంది. ఆడవాళ్లలో ఇది ఎలా ఉంటుందో, అందులో ఇల్లు చెదిరి ఉండటం అనే సిగ్గు ఎంత పెద్దదో సారీ సోల్డెన్ అనే ఆవిడ 1995లోనే పుస్తకం రాసింది. ముప్పై ఏళ్లయింది.

మరి అదే బుర్ర ఉన్న మగవాళ్ల ఇళ్లు ఎందుకు నీట్‌గా ఉంటున్నాయి? మన దేశంలో 2019లో కేంద్ర ప్రభుత్వం టైమ్ యూజ్ సర్వే చేసింది. జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు దాని మీద పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టే మగవాళ్లే నలుగురిలో ఒక్కరు. 2024లో మళ్లీ చేశారు, ఆడవాళ్ల లెక్క 289కి దిగింది. ఐదేళ్లకి పది నిమిషాలు!

అంటే ధ్యాస లేని మగవాడికి ఇంట్లో ఒక నడిచే షాడో బోర్డు ఉంది. ముందు అమ్మ, తర్వాత భార్య. "నా కర్చీఫ్ ఎక్కడ?" అని అరిస్తే జవాబు వస్తుంది. ఆయన లోపం బయటపడదు, ఆయన్ని "కాస్త పరధ్యానం, మేధావి కదా" అంటారు. అదే బుర్ర ఆడదానికి ఉంటే ఆవిడ ఎవరిని అడగాలి? ఆవిడే అందరికీ జవాబు చెప్పాల్సిన మనిషి. పైగా సామెత ఒకటి రెడీగా ఉంది. మా ఆయన ఫ్యాక్టరీలో ఫైవ్ ఎస్ ఆడిట్ టీములో ఉన్నారు, స్పానర్ రెండంగుళాలు పక్కకి జరిగితే మార్కులు తీసేస్తారు. ఇంట్లో మొన్నటిదాకా "నా బనియన్లు ఎక్కడ?" ఆయన ప్రశ్నే. ఇప్పుడు గంప మీద ఆయన పేరు రాసి ఉంది. ఆడిటర్ గారికి చదవడం వచ్చు.

ఇదంతా చెప్తే ఒకాయన, బాగా చదువుకున్నాయనే, "ఈ రోజుల్లో ప్రతిదానికీ ఒక డిజార్డర్ పేరు పెట్టుకోవడం ఫ్యాషనైపోయింది" అన్నారు. కొంత నిజం లేకపోలేదు. రీల్స్ చూసి మనకు మనమే జబ్బు అంటగట్టుకోవడం మంచిది కాదు. నిద్ర సరిగ్గా లేకపోయినా, థైరాయిడ్ తేడా వచ్చినా, డిప్రెషన్ ఉన్నా ధ్యాస ఇలాగే చెదురుతుంది. అందుకే చూపించుకోమంటాను. కానీ ఆయన ఫ్యాషన్ అన్నదానికి మందు కొనాలంటే ఎలా ఉంటుందో తెలుసా? మిథైల్‌ఫెనిడేట్ అనే మందు 1944 నుంచి ఉన్నదే, కానీ మన దగ్గర అది ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వస్తుంది. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు, అన్ని షాపుల్లో ఉండదు, తేదీ గుర్తుపెట్టుకుని సిటీకి వెళ్లి తెచ్చుకోవాలి. గుర్తుండని జబ్బుకి గుర్తుపెట్టుకుని తెచ్చుకోవాల్సిన మందు! మందు ఇల్లు సర్దదు కూడా. సర్దబోయినప్పుడు ఆ ఎనిమిదిమంది అప్రస్తుత ప్రసంగుల్లో ఐదారుగురిని కాసేపు బయట కూర్చోబెడుతుంది, అంతే. మిగతాది డబ్బాలు, కొక్కేలు, గంపలే చేయాలి. అందరికీ మందు అక్కర్లేదు కూడా, అది డాక్టరు చెప్పాలి.

చట్టం సంగతీ చెప్పేస్తా. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, ఆటిజం ఉంది, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు ఉన్నాయి, ఏడీహెచ్‌డీ పేరు లేదు. కాబట్టి ఆఫీసులో ఏ సౌకర్యం అడగాలన్నా మేనేజర్ మంచితనమే ఆధారం. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే 14416 కి ఫోన్ చేయండి, టెలీ మానస్, 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ సర్వీసు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు లేవు. జబ్బు ఫోన్లో తేల్చరు గానీ ఎక్కడికి వెళ్లాలో చెప్తారు.

ఈ మధ్య ముత్తంగి వైపు, ఇస్నాపూర్ వైపు అపార్టుమెంట్లు వరసగా లేస్తున్నాయి, మనవాళ్లే ఎక్కువ కొంటున్నారు. ఇంటీరియర్ వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు ఒక్కటి అడిగి చూడండి: ఈ వస్తువు తీయడానికి ఎన్ని కదలికలు, తిరిగి పెట్టడానికి ఎన్ని కదలికలు? మూడు దాటితే ఆ వస్తువు సోఫా మీదే ఉంటుంది, మీకు ఏడీహెచ్‌డీ ఉన్నా లేకపోయినా. ఆ ఇంటీరియర్ కుర్రాడు మీ వైపు వింతగా చూస్తాడు, పర్లేదు.

మా ఇంట్లో ఇంకా లొంగనిది అటక. దాని మీద ఏముందో నాకు గుర్తులేదు, మా ఆయనకి తెలీదు, అత్తమ్మ మాత్రం "పెండ్లి నాటి గంగాళాలు ఉన్నయ్, ముట్టకుండ్రి" అంటుంది. ఆవిడ ఊరికెళ్లినప్పుడు నిచ్చెన వేసి చూద్దామా అని ఇద్దరం అనుకుంటూనే ఉన్నాం. గంగాళానికి షాడో బోర్డు ఎలా గీయాలో మీలో ఎవరికైనా ఐడియా ఉంటే చెప్పండి.